201వ యూనిట్ ధర ఎంత? కరెంటు బిల్లుపై అభ్యంతరం వెనుక ఉన్న లెక్కలు

తెలంగాణలో ఒక ఇంటి మీటరు నెలకు 200 యూనిట్లు చూపితే, 2022-23లో అమల్లోకి వచ్చిన గృహ విద్యుత్ ధరల ప్రకారం ఎనర్జీ ఛార్జీ 820 రూపాయలు. అదే మీటరు 201 యూనిట్లు చూపితే 1,027 రూపాయల 70 పైసలు. తేడా ఒక్క యూనిట్. తొమ్మిది వాట్ల ఎల్ఈడీ బల్బు రోజుకు నాలుగు గంటల చొప్పున నెలంతా వెలిగితే దాదాపు అంతే ఖర్చవుతుంది. ఆ ఒక్క యూనిట్‌కు ఈ ఇల్లు కట్టేది 207 రూపాయల 70 పైసలు. గృహజ్యోతి పథకం వర్తించే ఇంట్లో ఈ తేడా ఇంకా పెద్దది. 200 వరకు సున్నా బిల్లు, ఒక్కటి దాటితే మొత్తం బిల్లు.

'కరెంటు ఛార్జీలు పెంచేశారు' అని ఇంటాయన విసుక్కున్నప్పుడు, నిజంగా పెరిగింది ధరేనా అన్నది వెంటనే తేలదు. వాడకం పెరిగి ఉండవచ్చు. వాడకం పెద్దగా పెరగకుండానే శ్లాబు మారి ఉండవచ్చు. ప్రభుత్వం, నియంత్రణ మండలి కొత్త ధరలు ప్రకటించి ఉండవచ్చు. లేదా ధరల పట్టికలో ఒక్క అంకె కూడా మారకుండా, రెండేళ్ల కిందటి ఖర్చు ఈ నెల బిల్లుకు వచ్చి చేరి ఉండవచ్చు. ఇవి నాలుగు వేర్వేరు సంగతులు. అభ్యంతరం చెప్పాల్సిన చోటు కూడా ఒక్కోదానికి ఒక్కోటి.

మెట్లు, గోడలు

శ్లాబుల పద్ధతి దేశమంతటా ఉన్నదే. తక్కువ వాడే ఇంటికి తక్కువ ధర, ఎక్కువ వాడే ఇంటికి ఎక్కువ ధర. ఒక యూనిట్‌ను ఇంటిదాకా చేర్చడానికి డిస్కంకు అయ్యే సగటు ఖర్చు 7 రూపాయల చుట్టూ ఉంటుంది. నెలకు 50, 60 యూనిట్లు వాడే ఇల్లు అందులో సగం కూడా కట్టదు. మిగతా సొమ్ము రెండు చోట్ల నుంచి రావాలి. ఒకటి, పరిశ్రమలు, వాణిజ్య సంస్థలు, ఎక్కువ వాడే ఇళ్లు. రెండు, రాష్ట్ర ప్రభుత్వ సబ్సిడీ. విద్యుత్ చట్టం-2003లోని 65వ సెక్షన్ ప్రకారం ఆ సబ్సిడీని ప్రభుత్వం డిస్కంకు ముందుగానే చెల్లించాలి.

శ్లాబులు ఎక్కడ మారుతాయన్నదానికన్నా ఎలా మారుతాయన్నదే బిల్లును ఎక్కువగా మారుస్తుంది. తెలంగాణ పట్టికలో 100 యూనిట్ల లోపు వాడే ఇంటికి మొదటి 50 యూనిట్లు 1.95 రూపాయల చొప్పున, తర్వాతి 50 యూనిట్లు 3.10 చొప్పున పడతాయి. వంద దాటిన ఇంటికి మొదటి యూనిట్ నుంచే ధర మారిపోతుంది. తొలి వందకు 3.40, రెండో వందకు 4.80. రెండు వందలు దాటితే మళ్లీ మొదటికి వెళ్లి తొలి 200 యూనిట్లకూ 5.10, ఆపై వందకు 7.70. అంటే అది మెట్టు కాదు, గోడ. అటు దూకితే వెనక నడిచిన దారికి కూడా కొత్త ధరే కట్టాలి.

ఆంధ్రప్రదేశ్‌లోనూ 2022కు ముందు వినియోగాన్ని బట్టి ఇళ్లను గ్రూపులుగా విడగొట్టేవారు. 2022-23 టారిఫ్ ఆ గ్రూపులను తీసేసి అందరికీ ఒకే వరుస పెట్టింది. మొదటి 30 యూనిట్లకు 1.90, 75 వరకు 3 రూపాయలు, 125 వరకు 4.50, 225 వరకు 6 రూపాయలు, 400 వరకు 8.75, ఆపైన 9.75. ఈ వరుసలో 200 యూనిట్లకు 867 రూపాయలు, 201కి 873. ఒక యూనిట్‌కు ఆరు రూపాయలే పెరిగింది. గోడ పోయింది గానీ, అదే ఉత్తర్వుతో తొలి 30 యూనిట్ల ధర 1.45 నుంచి 1.90కి వెళ్లింది. పైసల్లో చూస్తే 45. శాతంలో చూస్తే 31. ఒక్క బల్బు, ఒక్క ఫ్యాను ఉన్న ఇంటికి ఏ లెక్క సరిపోతుందో వేరే చెప్పనక్కర్లేదు.

ఇంట్లో చేసే పొదుపు ఎంత లాభమన్నది కూడా ఈ గోడల మీదే ఆధారపడుతుంది. పాత రకం సీలింగ్ ఫ్యాను 75 వాట్లు తీసుకుంటుంది. బీఎల్‌డీసీ ఫ్యాను దాదాపు 30. రోజుకు 12 గంటలు తిరిగే మూడు ఫ్యాన్లు మారిస్తే నెలకు సుమారు 49 యూనిట్లు తగ్గుతాయి. 240 యూనిట్లు వాడే ఇల్లు 191కి దిగుతుంది. ఆంధ్రప్రదేశ్ పట్టికలో దీనివల్ల మిగిలేది 335 రూపాయలు. తెలంగాణ పట్టికలో 551. ఫ్యాన్లు అవే, గాలి అదే.

మీటరు తప్పు తిరుగుతోందా?

బిల్లు పెరిగినప్పుడు మొదటి అనుమానం మీటరు మీదికే పోతుంది. దీన్ని కొట్టిపారేయక్కర్లేదు గానీ, డిస్కం ఆఫీసుకు వెళ్లే ముందు ఇంట్లోనే ఒక చిన్న పరీక్ష చేయవచ్చు. ఎలక్ట్రానిక్ మీటరు ముఖం మీద ఒక ఎర్ర దీపం మినుకుమంటూ ఉంటుంది. పక్కనే ఒక యూనిట్‌కు ఎన్ని మినుకులో రాసి ఉంటుంది. ఇళ్ల మీటర్లలో 3,200 అన్న అంకె తరచుగా కనిపిస్తుంది. ముందు ఇంట్లోని స్విచ్చులన్నీ ఆపి, ప్లగ్గుల్లో పెట్టినవి కూడా తీసేయాలి. ఆ తర్వాత కూడా దీపం మినుకుమంటుంటే ఇంటి వైరింగులో కరెంటు ఎక్కడో కారుతోందనో, మరో ఇంటి లైను కలిసిందనో, మీటరులోనే లోపం ఉందనో అనుకోవాలి.

తర్వాత 1,500 వాట్ల హీటర్ రాడ్డును బకెట్ నీళ్లలో పెట్టి, అదొక్కటే ఆన్ చేసి, నిమిషానికి మినుకులు లెక్కపెట్టాలి. లెక్క ప్రకారం 80 రావాలి. అయితే ఆ 1,500 వాట్లు 230 వోల్టుల దగ్గర మాట. హీటర్ తీసుకునే శక్తి వోల్టేజి వర్గాన్ని బట్టి మారుతుంది కాబట్టి, వీధిలో వోల్టేజి 210కి పడిపోయి ఉంటే 67 మినుకులే వస్తాయి. అది మీటరు తప్పు కాదు. 80 రావాల్సిన చోట వంద వస్తుంటే మాత్రం ఫిర్యాదు చేయాల్సిందే. 2020 నాటి విద్యుత్ వినియోగదారుల హక్కుల నిబంధనల ప్రకారం ఫిర్యాదు అందిన 30 రోజుల్లోగా మీటరును పరీక్షించాలి. 2024 సవరణ ఇంకో వెసులుబాటు ఇచ్చింది. రీడింగు వాస్తవ వాడకంతో సరిపోలడం లేదని ఫిర్యాదు వస్తే డిస్కం ఐదు రోజుల్లో అదనంగా మరో మీటరు పెట్టి, కనీసం మూడు నెలలు రెండింటినీ పోల్చి చూడాలి. స్మార్ట్ మీటర్ల మీద అనుమానాలు ఎక్కువగా ఉన్న ఈ రోజుల్లో ఈ నిబంధన గురించి తెలిసినవారు తక్కువ.

మీటరు సరిగానే ఉందని తేలితే, ప్రశ్న ఇంటి గోడ దాటి బయటికి వెళుతుంది.

ఒక యూనిట్ వెనుక ఎంత బొగ్గు?

ఒక యూనిట్ అంటే ఒక కిలోవాట్-గంట. వేడిగా లెక్కిస్తే 860 కిలో కేలరీలు. కానీ బొగ్గు కేంద్రంలో ఒక యూనిట్ తయారు కావడానికి దాదాపు 2,400 కిలో కేలరీల వేడి కావాలి. దీన్నే 'హీట్ రేట్' అంటారు. బొగ్గులోని శక్తిలో మూడో వంతు కన్నా కాస్త ఎక్కువ మాత్రమే విద్యుత్తుగా మారుతుంది. మిగిలింది చిమ్నీ పొగలోనూ కూలింగ్ టవర్ ఆవిరిలోనూ పోతుంది. కిలోకు 3,600 కిలో కేలరీలిచ్చే బొగ్గయితే ఒక యూనిట్‌కు కిలోలో మూడింట రెండు వంతులు మండాలి. దేశంలో ఉత్పత్తయ్యే విద్యుత్తులో నూటికి 70కి పైగా వంతు ఇప్పటికీ బొగ్గుదే. కేంద్రం సొంతంగా వాడుకునేది, దారిలో పోయేది కూడా కలిపి చూస్తే, పూర్తిగా బొగ్గు కరెంటుతో నడిచే 200 యూనిట్ల ఇంటికి నెలకు సుమారు 160 కిలోల బొగ్గు కాలుతుంది. మూడు బస్తాలకు పైమాటే.

ఈ లెక్క అభ్యంతరానికి ఎలా పనికొస్తుంది? ఏ కేంద్రానికి ఎంత హీట్ రేట్ సమంజసమో నియంత్రణ మండలి ముందే ఒక ప్రమాణం నిర్ణయిస్తుంది. కేంద్రం అంతకన్నా ఎక్కువ బొగ్గు తగలబెడితే ఆ అదనపు ఖర్చు కేంద్రానిదే, వినియోగదారులది కాదు. కాబట్టి విచారణలో 'బొగ్గు ధర పెరిగింది' అన్న సమాధానం వచ్చినప్పుడు, 'ధర పెరిగిందా, వాడకం పెరిగిందా?' అని ఎదురు అడగవచ్చు. రెండూ బిల్లులో ఒకే అంకెగా కనిపిస్తాయి. కారణాలు మాత్రం వేరు.

డిస్కం మొత్తం ఖర్చులో నాలుగింట మూడొంతుల దాకా విద్యుత్ కొనుగోలుకే పోతుంది. లైన్‌మన్ జీతం, కొత్త ట్రాన్స్‌ఫార్మర్, బిల్లు కాగితం అన్నీ మిగిలిన వంతులోవే. కొనుగోలు ఒప్పందాల్లో సాధారణంగా రెండు ధరలుంటాయి. ఇంధనానికి చెల్లించేది ఒకటి. కేంద్రం కట్టడానికి చేసిన అప్పు, దాని వడ్డీ, నిర్వహణ కోసం చెల్లించే స్థిర ఛార్జీ రెండోది. కేంద్రం కరెంటు ఇవ్వడానికి సిద్ధంగా ఉంటే చాలు, తీసుకున్నా తీసుకోకపోయినా స్థిర ఛార్జీ కట్టాలి. పెళ్లికి ఫంక్షన్ హాలు మాట్లాడుకున్నట్టే, అతిథులు రాకపోయినా అద్దె తప్పదు. రాబోయే పదేళ్లలో గిరాకీ ఎంత పెరుగుతుందన్న అంచనా తప్పితే, ఆ తప్పు పాతికేళ్ల ఒప్పందంగా బిల్లుల్లో ఉండిపోతుంది.

ఈ ఒప్పందాల బరువు ఎంతవరకు పోతుందో పొరుగున పాకిస్థాన్‌లో చూడవచ్చు. అక్కడ వాడని సామర్థ్యానికి కట్టే చెల్లింపులు బిల్లులను ఎంత పెంచాయంటే, 2023 ఆగస్టులో జనం వీధుల్లోకి వచ్చి బిల్లులు తగలబెట్టారు. డబ్బున్నవాళ్లు ఇంటి కప్పు మీద సౌర ఫలకాలు పెట్టించుకుని గ్రిడ్ వాడకం తగ్గించుకున్నారు. దాంతో అదే స్థిర ఖర్చును పంచుకునే ఇళ్లు తగ్గి, మిగిలినవారి వాటా ఇంకా పెరిగింది.

దారిలో పోయేది

తీగలో కరెంటు ప్రవహిస్తే తీగ వేడెక్కుతుంది. ఆ వేడి కరెంటు వర్గాన్ని బట్టి పెరుగుతుంది. కరెంటు రెట్టింపయితే నష్టం నాలుగింతలు. అందుకే దూరాలకు 400 కేవీ, 220 కేవీ, 132 కేవీ వంటి అధిక వోల్టేజీలో పంపుతారు. అదే శక్తిని ఎక్కువ వోల్టేజీలో పంపితే తక్కువ కరెంటు చాలు. ఊరి చివర ట్రాన్స్‌ఫార్మర్ నుంచి పొడవాటి సన్నని తీగ మీద పది మోటార్లు నడిస్తే ఈ సూత్రమే ఎదురు తిరుగుతుంది. వోల్టేజి పడిపోతుంది, మోటారు ఎక్కువ కరెంటు లాగుతుంది, తీగ ఇంకా వేడెక్కుతుంది.

సాంకేతిక నష్టాలకు దొంగతనం, వసూలు కాని బిల్లులు కలిపి లెక్కించే మొత్తం నష్టం దేశవ్యాప్తంగా 2020-21లో 22 శాతం పైచిలుకు ఉండగా, 2022-23 నాటికి 15 శాతం ప్రాంతానికి తగ్గింది. తెలుగు రాష్ట్రాల్లో ఈ లెక్కకు ఒక ప్రత్యేకమైన చిక్కు ఉంది. ఇక్కడ వ్యవసాయానికి ఉచిత విద్యుత్తు 2004 నుంచి ఉంది. పంపుసెట్లలో చాలావాటికి మీటర్లు లేవు. వ్యవసాయం ఎంత వాడిందో నేరుగా కొలవరు. కొన్ని ట్రాన్స్‌ఫార్మర్లకు మీటర్లు బిగించి, ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ రూపొందించిన నమూనా పద్ధతిలో మొత్తాన్ని అంచనా కడతారు.

డిస్కం కొన్న యూనిట్లలోంచి మీటర్ల మీద అమ్మినవి తీసేస్తే మిగిలేది ఒక పెద్ద మొత్తం. అందులో కొంత పొలాలకు వెళ్లింది, కొంత దారిలో పోయింది. పొలాల అంచనా పెంచితే నష్టం తగ్గినట్టు కనిపిస్తుంది, తగ్గిస్తే పెరిగినట్టు కనిపిస్తుంది. తీగల్లో జరిగేది మాత్రం ఒకటే. నష్టం మండలి అనుమతించిన శాతాన్ని దాటితే ఆ భారం డిస్కందే. వ్యవసాయ వాడకం పెరిగిందంటే సబ్సిడీగానో ఇతరుల ఛార్జీగానో అది బయటికి వెళుతుంది. రైతుకు ఉచితంగా ఇవ్వడం వేరు, ఎంత ఇచ్చారో లెక్క తెలియకపోవడం వేరు. విచారణల్లో ఏటా ఈ ప్రశ్న తిరిగి తిరిగి వస్తూనే ఉంటుంది. సంతృప్తికరమైన జవాబు మాత్రం ఇప్పటికీ రాలేదనే చెప్పాలి.

సాయంత్రం ఏడు గంటల కరెంటు

2024 మే 30న దేశ విద్యుత్ గిరాకీ 250 గిగావాట్లకు చేరి కొత్త రికార్డు సృష్టించింది. అది ఎండ మండుతున్న పగటి పూట. సౌర విద్యుత్ కూడా అప్పుడే పుష్కలంగా వస్తుంది కాబట్టి గ్రిడ్ నెగ్గుకొచ్చింది. అసలు పరీక్ష సూర్యుడు దిగాక మొదలవుతుంది. సౌర విద్యుత్ గంట, రెండు గంటల్లో సున్నాకు పడిపోతుంది. అదే సమయానికి ఇళ్లలో దీపాలు, టీవీలు, ఏసీలు ఆన్ అవుతాయి. ఆ ఖాళీని నింపడానికి డిస్కంలు పవర్ ఎక్స్ఛేంజీకి పరుగెత్తుతాయి.

2022 మార్చిలో ఎక్స్ఛేంజీలో యూనిట్ ధర 20 రూపాయలను తాకింది. ఏప్రిల్ మొదట్లో కేంద్ర విద్యుత్ నియంత్రణ మండలి 12 రూపాయలు దాటకూడదని పరిమితి పెట్టింది. మరుసటి ఏడాది దాన్ని 10కి తగ్గించింది. ఉక్రెయిన్ యుద్ధంతో విదేశీ బొగ్గు ధర ఎగబాకిన సంవత్సరం కూడా అదే. దేశీయ బొగ్గు చాలక, దిగుమతి బొగ్గు కలపమని కేంద్రం రాష్ట్రాలకు చెప్పిన సంవత్సరమూ అదే. అప్పటి ఖర్చే తర్వాతి ఏళ్లలో బిల్లుల మీదికి వచ్చింది.

ఒకే యూనిట్ మధ్యాహ్నం చౌక, సాయంత్రం ఖరీదు. ఇళ్లు మాత్రం రెండింటికీ ఒకే ధర కడుతున్నాయి. 2023లో కేంద్రం తెచ్చిన నిబంధనలు దీన్ని మార్చాలని చూస్తున్నాయి. స్మార్ట్ మీటరు బిగించాక, సౌర విద్యుత్ వచ్చే వేళల్లో ధర మామూలు కన్నా కనీసం 20 శాతం తక్కువగా, గిరాకీ వేళల్లో ఎక్కువగా ఉండాలన్నది వాటి సారాంశం. ఇంట్లో వాషింగ్ మెషీన్, గీజరు, నీళ్ల మోటారు మధ్యాహ్నానికి జరుపుకోగలిగే ఇంటికి ఇది లాభం. పగలంతా పనికి పోయి సాయంత్రం తాళం తీసే ఇంటికి అలా జరుపుకునే వీలెక్కడిది? గంటల వారీ ధరలు ఇళ్ల దాకా వచ్చినప్పుడు అభ్యంతరాల్లో ముందుండాల్సిన ప్రశ్న ఇదే.

నిన్నటి ఖర్చు, నేటి బిల్లు

ఏడాది మొదట్లో డిస్కం తన ఖర్చుల అంచనా ఇస్తుంది, మండలి దాన్ని సరిచూసి ధర నిర్ణయిస్తుంది. ఏడాది గడిచాక నిజంగా అయిన ఖర్చు తేలుతుంది. రెండింటి మధ్య తేడాను వసూలు చేయడమే ట్రూఅప్. మిగిలితే తిరిగి ఇవ్వడం ట్రూడౌన్. సూత్రం న్యాయంగానే ఉంది. చిక్కంతా ఆలస్యంలో, పంపకంలో ఉంది.

ఆంధ్రప్రదేశ్‌లో 2014-15 నుంచి 2018-19 వరకు ఐదేళ్ల ఖర్చుల తేడా 2022 ఆగస్టు నుంచి బిల్లుల్లో కనిపించింది. ఈ మధ్యలో ఎందరు అద్దె ఇళ్లు మారారో, ఎన్ని కొత్త కనెక్షన్లు వచ్చాయో. 2015లో వేరెవరో వాడిన కరెంటుకు 2022లో ఆ ఇంట్లో ఉన్నవారు డబ్బు కట్టారు. తర్వాత 2022-23 సంవత్సరపు ఇంధన, కొనుగోలు ఖర్చుల సర్దుబాటు కింద 6,072.86 కోట్ల రూపాయలకు 2024లో అనుమతి వచ్చింది. ఆలస్యాన్ని తగ్గించాలన్న ఉద్దేశంతో 2022 డిసెంబరులో కేంద్రం తెచ్చిన సవరణ నెలనెలా సర్దుబాటుకు దారి తీసింది. ఆంధ్రప్రదేశ్‌లో మండలిని ముందుగా అడగనక్కర్లేకుండా యూనిట్‌కు 40 పైసల వరకు వేసుకునే వీలు కలిగింది.

నలభై పైసలు అందరికీ ఒకటే. అసమానత అక్కడే ఉంది. ఉచిత పథకాల్లో ఉన్న ఇళ్లను పక్కన పెట్టి చూస్తే, నెలకు 30 యూనిట్లు వాడే ఇంటి ఎనర్జీ ఛార్జీ 57 రూపాయలు. దాని మీద 12 రూపాయలు పడితే 21 శాతం పెంపు. 400 యూనిట్లు వాడే ఇంటి ఛార్జీ 2,548 రూపాయలు. దాని మీద 160 పడితే 6 శాతం. శ్లాబుల ద్వారా పేద ఇంటికి ఇచ్చిన ఊరటను సర్దుబాటు ఛార్జీ నిశ్శబ్దంగా కొరుక్కు తింటుంది. ధరల పట్టిక మారలేదు కాబట్టి 'ఛార్జీలు పెంచలేదు' అన్న ప్రకటన కూడా అక్షరాలా నిజమే అవుతుంది.

విచారణ గదిలో

2000లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో విద్యుత్ ఛార్జీల పెంపుపై అభ్యంతరం వీధుల్లో వినిపించింది. ఆ ఏడాది ఆగస్టు 28న హైదరాబాద్ బషీర్‌బాగ్‌లో ఆందోళనకారులపై పోలీసులు కాల్పులు జరిపారు, ప్రాణాలు పోయాయి. ధరలు నిర్ణయించే అధికారం అంతకు ఏడాది ముందే ప్రభుత్వం నుంచి కొత్తగా ఏర్పడిన నియంత్రణ మండలికి మారింది. కానీ మండలి ముందుకు వెళ్లి మాట్లాడవచ్చన్న సంగతి అప్పటికి జనంలోకి వెళ్లలేదు.

విద్యుత్ చట్టం-2003లోని 64వ సెక్షన్ ప్రకారం డిస్కం తన ధరల ప్రతిపాదనను ప్రజలకు ప్రకటించాలి. ప్రజల సూచనలు, అభ్యంతరాలు అందిన తర్వాతే మండలి ఉత్తర్వు ఇవ్వాలి. అందుకు 120 రోజుల గడువుంది. ఇది లాంఛనం కాదని 2021లో తేలింది. ఆంధ్రప్రదేశ్ మండలి ఆ ఏడాది 3,669 కోట్ల రూపాయల ట్రూఅప్‌కు అనుమతిచ్చింది, వసూలు కూడా మొదలైంది. అభ్యంతరాల కోసం తగిన బహిరంగ ప్రకటన ఇవ్వలేదన్న వివాదం హైకోర్టుకు చేరాక మండలి తన ఉత్తర్వును వెనక్కి తీసుకుని మళ్లీ విచారణ జరిపింది. రెండోసారి అనుమతించిన మొత్తం సుమారు 2,910 కోట్లు. 2025లో ఇంకో మలుపు వచ్చింది. నెలనెలా వేసిన 40 పైసలు అసలు ఖర్చు కన్నా ఎక్కువని సరిచూపులో తేలడంతో, యూనిట్‌కు 13 పైసల చొప్పున వినియోగదారులకు తిరిగి ఇవ్వాలని మండలి ఆదేశించింది.

శ్రీలంకలోనూ ఇలాంటిదే జరిగింది. 2022, 2023లో భారీ పెంపులు చూసిన ఆ దేశంలో, ధరలు తగ్గించనక్కర్లేదని విద్యుత్ బోర్డు ప్రతిపాదించింది. బహిరంగ విచారణల తర్వాత నియంత్రణ సంస్థ 2025 జనవరిలో సగటున 20 శాతం తగ్గించింది.

పుణెలోని ప్రయాస్ ఎనర్జీ గ్రూప్ వంటి పరిశోధన సంస్థలు చాలా ఏళ్లుగా ఈ దస్తావేజులను చదివి, లెక్కలతో మండళ్ల ముందుకు వెళుతున్నాయి. హైదరాబాద్‌లో సీనియర్ జర్నలిస్టు ఎం. వేణుగోపాలరావు, ఎం. తిమ్మారెడ్డి వంటివారి పేర్లు రెండు రాష్ట్రాల టారిఫ్ ఉత్తర్వుల్లో అభ్యంతరదారుల జాబితాలో తరచూ కనిపిస్తాయి. వందల పేజీల పట్టికలు చదివి ప్రశ్న అడగడం అందరి వల్లా అయ్యే పని కాదు. వినియోగదారుల తరఫున వాదించేవారిని మండలే నియమించవచ్చని చట్టంలోని 94వ సెక్షన్ చెబుతోంది. ఆ వీలును మరింతగా వాడుకుంటే బాగుండేది.

సొంత బిల్లులో తప్పుంటే మండలి దాకా వెళ్లనక్కర్లేదు. డిస్కం పరిధిలోని వినియోగదారుల ఫిర్యాదుల పరిష్కార వేదికకు, అక్కడ న్యాయం జరగలేదనుకుంటే విద్యుత్ అంబుడ్స్‌మన్‌కు రాయాలి. ధరల మీద అభ్యంతరమైతేనే మండలికి. డిస్కంలు రాబోయే ఏడాది ప్రతిపాదనలను మామూలుగా నవంబరు చివరికి దాఖలు చేస్తాయి. తర్వాత పత్రికల్లో ప్రకటన వస్తుంది, అభ్యంతరాలకు గడువు తేదీ, విచారణ జరిగే ఊళ్లు అందులో ఉంటాయి. తెల్ల కాగితం మీద తెలుగులో రాసినా చెల్లుతుంది. పేరు, చిరునామా, ఏ డిస్కం, ఏ అంశం మీద అభ్యంతరం, విచారణలో స్వయంగా మాట్లాడదలిచారా లేదా అన్నవి ఉండాలి. ఒక ప్రతి మండలి కార్యదర్శికి, ఒక ప్రతి డిస్కంకు పంపాలి.

'పేదలపై భారం, పెంచవద్దు' అని రాస్తే డిస్కం జవాబు కూడా అంతే పొడిగా వస్తుంది. నిరుడు ఎక్స్ఛేంజీలో ఎన్ని యూనిట్లు, ఏ గంటల్లో, ఏ ధరకు కొన్నారు? అదే గంటల్లో స్థిర ఛార్జీ కడుతున్న ఏ కేంద్రాలు ఖాళీగా ఉన్నాయి? వ్యవసాయ అంచనాకు ఎన్ని ట్రాన్స్‌ఫార్మర్ మీటర్ల రీడింగులు పనికొచ్చాయి, ఎన్ని పాడైనవి? సర్దుబాటు ఛార్జీని అందరికీ సమానంగా కాక, శ్లాబు ధరకు అనులోమంగా ఎందుకు వేయరు? ఇలా రాస్తే డిస్కం అంకెలతోనే లిఖితపూర్వకంగా బదులివ్వాల్సి వస్తుంది. టారిఫ్ ఉత్తర్వులో ఆ అభ్యంతరం, దాని కింద డిస్కం జవాబు, ఆ కింద మండలి అభిప్రాయం వరుసగా అచ్చవుతాయి.